మా పేరుగల మహానుభావులు

నా పేరు ఇక్కడ రాయను. రాస్తే ఈ పుస్తకం అట్ట మీద తన ఫోటో కూడా వేయాలని మా సంఘాధ్యక్షుడు వచ్చి కూర్చుంటాడు. ఆయనదీ అదే పేరు మరి. మా వియ్యంకుడిదీ అదే. మా ఊరి వీధిలో నిలబడి ఆ పేరు ఒక్కసారి గట్టిగా పిలిచి చూడండి. అరుగు మీద పేపరు చదివేవాడు, గేదెకి కుడితి పెట్టేవాడు, గడ్డం సగం గీసుకున్నవాడు, అందరూ "ఆఁ" అంటారు. మీకు కావలసినవాడు మాత్రం ఆ సమయానికి గుంటూరు వెళ్ళి ఉంటాడు.

దీనికంతటికీ కారణం ఒక కొండ. కొండ మీద ఒక స్వామి. పిల్లలు పుట్టనివాళ్ళూ, పుట్టినా దక్కనివాళ్ళూ ఆ స్వామికి మొక్కుకుంటారు. బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటాం అంటారు. ఇటు గుంటూరు నుంచి అటు పొదిలి దాకా పత్తి చేలల్లోనూ మిరప తోటల్లోనూ పనిచేసే మగాళ్ళల్లో సగం మంది ఆ మొక్కుల పంటే. చివర 'రావు' తగిలించుకున్నవాడు నాలుగక్షరాలు చదివినట్టు, 'అయ్య' తగిలించుకున్నవాడు నాగలి పట్టినట్టు, 'బాబు' తగిలించుకున్నవాడు ఏ పనీ చేయనట్టు లెక్క. అంతకు మించి తేడా లేదు. స్వామి పని సుఖంగానే ఉంది. తిప్పలన్నీ పోస్ట్‌మ్యాన్‌వి.

అందుకని మా ఊరు ఒక పద్ధతి పెట్టుకుంది. పేరు ఎలాగూ పనికిరాదు కాబట్టి దాని ముందు ఒక మాట తగిలిస్తుంది. ఆ మాటే మనిషికి అసలు పేరు. ఒకడు కుర్రతనంలో కరెంటు స్తంభమెక్కి, షాకు కొట్టి కింద పడి, బతికి లేచాడు. వాడు ట్రాన్స్‌ఫార్మర్. ఇప్పుడు వాడికి మనవలు పుట్టే వయసు. ఇంకా ట్రాన్స్‌ఫార్మరే. ఒకడు మోపెడ్ మీద బస్తా వేసుకుని ఊరూరా తిరిగి ఉల్లిపాయలు అమ్మేవాడు. వాడు ఉల్లిపాయలు. ఇంకొకడు రెండో పెళ్ళి. పాపం, వాడికి రెండో పెళ్ళి కాలేదు. చేసుకుంటే ఎలా ఉంటుందని ఎప్పుడో ఒకసారి టీ కొట్టు దగ్గర అడిగాడు, అంతే.

నేను పంచర్. హైవే మలుపులో నాకు పంచర్ల కొట్టుంది. ఏడో తరగతిలో బడి మానేశాను. మాస్టారు హాజరు పిలిస్తే ఆ పేరుకి ముగ్గురం పలికేవాళ్ళం. ఒకరి బదులు ఒకరం పలకడమూ అలవాటే. దానివల్ల నేను మానేసి చాలా కాలమైనా నాకు హాజరు పడుతూనే ఉంది. ఆ బళ్ళో నేను సాధించింది అదొక్కటే, అదీ నేను లేనప్పుడు.

ఆ పేరు వల్ల నాకు దక్కిన మరో గౌరవం, పోలీసు జీపు. కోడిపందేల కేసులో ఒక పొద్దున్నే ఇద్దరు వచ్చి నన్ను ఎక్కించారు. "పేరు?" అన్నారు. చెప్పాను. "తండ్రి పేరు?" చెప్పాను. "సరిపోయింది" అన్నారు. సరిపోదూ మరి, తండ్రులవీ ఆ కొండ పేర్లే! కోళ్ళను చూస్తే నాకు భయమని ఎంత చెప్పినా వినలేదు. అసలువాడు మధ్యాహ్నం తాపీగా నాకు క్యారేజీ తెచ్చి, "నీ వల్ల నాకు తప్పింది రా పంచరూ, గోంగూర మా ఇంట్లోదే" అని వడ్డించాడు.

పోయిన మిరప కోతలప్పుడు మా అమ్మాయికి కొడుకు పుట్టాడు. మా అమ్మాయి మంగళగిరిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చేస్తుంది. అల్లుడూ అక్కడే. పురిటికి మా ఇంటికి వచ్చింది. ఆసుపత్రిలో బిడ్డను పక్కలో వేసిన కాసేపటికే నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, వీడికి ఆ పేరు మాత్రం వద్దు. నువ్వు నావైపు నిలబడాలి" అంది. నిలబడతానన్నాను. పంచర్ల కొట్టువాడు రోజంతా గొంతుక్కూర్చునే ఉంటాడు, ఒక్కసారి నిలబడమంటే ఏం కష్టం అనుకున్నాను.

బారసాల ఇంకా వారముందనగా మా సంఘాధ్యక్షుడు కారేసుకుని కొట్టు దగ్గర దిగాడు. ఈయన్ని మీకు చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. మా ఊరివాడే. ఏడో తరగతి దాకా నా పక్కనే కూర్చున్నాడు. నేను మానేశాను, వాడు ఎనిమిదికి వెళ్ళాడు. ఆ ఒక్క ఏడాదిలో ఏం నేర్పారో తెలియదు, తెల్లచొక్కా వేసుకుని చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మాత్రం వచ్చేసింది. మొన్నీమధ్య మా పేరుగల వాళ్ళందరికీ ఒక సంఘం పెట్టాడు. ఆశయాలేమిటని అడిగితే ఐకమత్యం అన్నాడు. ఎవరితో ఐకమత్యం? ఆ పేరుగల వాళ్ళతో. దేనికోసం? ఐకమత్యం కోసం.

కారు డిక్కీలోంచి ఒక ఫ్లెక్సీ చుట్ట తీయించి నా కొట్టు ముందు పరిపించాడు. రెండు లారీ టైర్లు అటూ ఇటూ బరువు పెడితే గానీ ఆగనంత పెద్దది. పైన స్వామి. స్వామి కింద 'మన పేరుగల మహానుభావులు' అని బంగారు రంగు అక్షరాలు. వాటి కింద వరసగా తలకాయలు.

"ఏరా పంచరూ, చూశావా మన చరిత్ర!"

"చూస్తన్నా అధ్యక్షా. ఈ కిరీటం పెట్టుకున్నాయన ఎవరు?"

"రాజు. మన పేరుతో ఒక రాజు ఏలాడంట రా! కోట కూడా ఉండేదంట."

"ఈ రాజుని నేనెక్కడో చూశానే."

"రాజుని నువ్వెట్టా చూస్తావురా?"

"నల్లపాడు గేటు దగ్గర. బజ్జీలు తింటన్నాడు మొన్న."

అధ్యక్షుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాజు బొమ్మ యాడా దొరకలేదు రా. మా బావమరిది మొహం పెట్టించా. కిరీటం కింద ఎవడైతే ఏంది?"

చరిత్ర మీద అంతకంటే నిజమైన మాట ఆ రోజు ఇంకేదీ వినలేదు.

రాజు పక్కన గడ్డంతో కవి. "ఈయనేం రాశాడు?" అన్నాను. "పద్యాలు." "ఏం పద్యాలు?" "పద్యాలు రా! కవి అన్నాక పద్యాలు కాక పంచర్లు ఏస్తాడా?" కవి తర్వాత స్వాతంత్ర్య సమరయోధుడు, టోపీతో. ఆ టోపీ కింద మొహం అచ్చం కవి మొహంలానే ఉంది, గడ్డం తీసేశారంతే. తర్వాత శాస్త్రవేత్త. ఆయన ఏదో కనిపెట్టాడు. ఏమిటన్నది అధ్యక్షుడికి ఇంకా అందలేదు. తర్వాత సినిమా నటుడు, హీరో చేతిలో దెబ్బలు తినే నలుగురిలో ఎడమవైపు వాడు. చివర క్రికెట్ ఆటగాడు.

"ఈయన దేశానికి ఆడాడా?"

"జిల్లా జట్టుకి. అంటే తీసుకున్నారు గానీ ఆడించలా."

"మైదానంలోకైనా దిగాడా లేదా?"

"దిగాడు. నీళ్ళివ్వటానికి."

వీళ్ళందరి కింద, నట్టనడుమ, రాజుకంటే పెద్దగా, కవికంటే తెల్లగా మా అధ్యక్షుడు. రెండు చేతులూ జోడించి, వేళ్ళకున్న ఉంగరాలన్నీ కనబడేలా. అట్టడుగున అగ్గిపెట్టె బొమ్మలంత సైజులో మేము. ట్రాన్స్‌ఫార్మర్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాను. నన్ను అడక్కుండానే ఎప్పుడు తీశారో.

ఈ మనుషుల మీద నాకు జాలి లేదు. పేరు ఒకటైతే గొప్పతనం కుళాయి నీళ్ళలా ఇంటింటికీ వచ్చేస్తుందని వీళ్ళ నమ్మకం. ఆ పేరుతో ఒక రాజు ఉన్నాడే అనుకుందాం. ఆ రాజు గుర్రానికి లద్దె ఎత్తినవాడిదీ, ఆ రాజుకి పన్ను కట్టలేక ఊరొదిలి పారిపోయినవాడిదీ, చివరికి శత్రువులకి కోట తలుపు తీసినవాడిదీ అదే పేరు అయ్యుండదని నమ్మకమేమిటి? మొక్కులు రాజుల తల్లులేనా మొక్కేది? మా చుట్టుపక్కలే చూడండి. నకిలీ పత్తి విత్తనాలు అంటగట్టి మా మండలం మండలాన్నే ముంచి మాయమైనవాడిదీ ఆ పేరే. వాణ్ని ఫ్లెక్సీ మీద వేయలేదేమని అడిగాను. "మంచోళ్ళనే ఏశాం" అన్నాడు అధ్యక్షుడు. అక్కడికి తన మొహం ఎలా వచ్చిందో మరి.

అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. "మీ మనవడి ఫోటో ఒకటి పంపు. కింద వరసలో మొదట ఏయిస్తా. మన తర్వాతి తరం అని. బారసాలకి సంఘం తరఫున వెండి గిన్నె కూడా తెస్తా."

"ఇంకా పేరు పెట్టలా."

"పెట్టేదేముంది రా? ఈ తాతదీ అదే, ఆ తాతదీ అదే. ఇంక వేరే మాటేముంది? వాడు పుట్టకముందే వాడికి పేరుంది."

ఆ మాట నాకు కొత్త కాదు. ఎందుకంటే ఇంట్లో మా అమ్మ కూడా సరిగ్గా అదే మాట అంటోంది.

మా అమ్మ మొండిది. నాకంటే ముందు ఆమెకో కొడుకు పుట్టాడు. మా నాన్న వాడికి ఎవరో ఆఫీసరు పేరు నచ్చి అది పెట్టాడు. వాడు నడక రాకముందే పోయాడు. తర్వాత మా అమ్మ తడిబట్టతో కొండెక్కి మొక్కుకుంది, నేను పుట్టాను, నిలిచాను. ఆ పిల్లవాడి పేరు ఆమె ఇప్పటికీ నోటితో అనదు. మొక్కులో ఇంకో ముక్క కూడా ఉందట. వంశంలో పుట్టే మొదటి మగబిడ్డకల్లా ఆ పేరే. నాకు కూతురొక్కతే, కాబట్టి ఆ మొక్కు ఇన్నాళ్ళూ మనవరాలి కడుపు కోసం కాచుకుని కూర్చుంది.

"కొండదేవుడి బాకీ పెట్టుకోకూడదే తల్లీ" అంది మా అమ్మ, ఉయ్యాల ఊపుతూ.

"ఊరినిండా ఆ పేరే కదా నాయనమ్మా. దేవుడికి ఇంకా ఆనలేదా?"

"ఎకసెక్కాలు చాలు. మీ అయ్య దగ్గర నేర్చావు. పేరు మార్చి పెడితే ఏమైద్దో నేను చూశా. నువ్వు చూడలా."

"పేరు పెడితే ఏమవుతుందో నేనూ చూశాను" అంది మా అమ్మాయి.

అమ్మ ఉయ్యాల ఆపింది. అది ఏ రోజు సంగతో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. మీకు చెప్పాలి.

మా అమ్మాయి అయిదో తరగతి చదువుతోంది అప్పుడు. నేను పాత టైర్ల కోసం అద్దంకి వెళ్ళాను. మధ్యాహ్నం కిరాణా కొట్టు ఫోనుకి ఎవరో ఫోన్ చేశారు. హైవే మీద మీ ఊరివాణ్ని లారీ కొట్టింది, మనిషి పోయాడు అన్నారు. పేరు చెప్పారు. అంతే చెప్పారు. చచ్చినవాడి జేబులో కాగితం మీద పేరూ ఊరూ ఉంటాయి గానీ, ఊరు తగిలించిన ముందు మాట ఉండదు కదా. ఆ పూట రోడ్డు మీద ఉన్నది నేనొక్కణ్ణేనని ఊరంతా అనుకుంది. మా ఇంటి ముందు షామియానా లేచింది. మా అమ్మాయిని బడి నుంచి తీసుకొచ్చారు. మా ఇంటావిడ స్పృహ తప్పి పడి ఉంటే, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఉల్లిపాయలవాడి భార్య. ఆ రోజు వాళ్ళాయన పొలానికి మందు కొట్టడానికి వెళ్ళాడని ఆమె లెక్క. పాపకి పాలు తాగించింది. తల దువ్వి జడ వేయడం మొదలుపెట్టింది. "ఏడవమాక నా తల్లీ, మేమంతా లేమా" అని చెబుతూనే ఉందట.

పొద్దు వాలుతుండగా నేను బండి మీద దిగాను. రెండు టైర్లు మెడలో దండల్లా వేసుకుని. చచ్చి, దండలు వేయించుకుని, నా చావుకి నేనే వచ్చినట్టున్నానట. జనం కేకలు. మా అమ్మ నన్ను తడిమింది, మా ఇంటావిడ లేచి చెంప పగలగొట్టింది. అందరూ ఏడుస్తూ నవ్వారు. నేను కూడా ఏదో జోకు వేశాను. అది ఏమిటో నాకు బాగా గుర్తుంది, రాయను.

తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. నేను కాకపోతే మరి ఎవరు? ఊళ్ళో ఆ పేరుగల వాళ్ళను ఒక్కొక్కణ్ణే అందరూ మనసులో ఏరుకుంటున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే నిలబడి ఉన్నాడు. రెండో పెళ్ళి బీడీ తాగుతున్నాడు. ఒక్కొక్క ఆడమనిషి కళ్ళూ మెల్లగా ఉల్లిపాయలవాడి భార్య వైపు తిరిగాయి. మా అమ్మాయి మొహం నావైపే ఉంది, పరిగెత్తుకుని రావాలని చూస్తోంది. కానీ ఆమె చెయ్యి జడలో ఆగిపోయింది. వెంట్రుకలు వదల్లేదు. మందు కొట్టడానికి పోయినవాడు విత్తనాల కోసం రోడ్డెక్కాడని ఆమెకి అప్పటికి ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

నాన్న వచ్చాడని తను సంతోషపడ్డ క్షణం, ఆ చెయ్యి ఆగిన క్షణం ఒకటేనని మా అమ్మాయి నాతో ఒక్కసారే చెప్పింది, పెళ్ళికి ముందు. దానికి నేను ఏ జోకూ వేయలేదు.

ఇవీ రెండు వైపులు. మా అమ్మకి వేరే పేరు పెడితే బిడ్డ పోతాడని భయం. మా అమ్మాయికి ఆ పేరు పెడితే పోయింది ఎవరో కూడా తెలియని చోట బిడ్డ పెరుగుతాడని అసహ్యం. నడుమ నేను, తొట్టిలో ట్యూబు ముంచుకుని.

బారసాల నాడు పొద్దున్నే వియ్యంకుడు దిగాడు. పొదిలి అవతల మెట్ట రైతు. కందీ పొగాకూ వేస్తాడు. వానలాగే మాట కూడా వాళ్ళ వైపు తక్కువ. తన పేరు మనవడికి పెట్టరట అని ఎవరో దారిలోనే చెవిలో వేసినట్టున్నారు. కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, అప్పుడు అన్నాడు.

"బావగారూ, పొదిలి బస్టాండులో నా పేరు పెట్టి కేకేస్తే బస్సు ఖాళీ అయిద్ది. మీ ఇష్టం. నాకు నోరు తిరిగేది పెట్టండి, అది చాలు."

అంత మర్యాద చూసి నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇబ్బంది పడ్డాను.

అంతలో అధ్యక్షుడు వచ్చాడు. ముందు వెండి గిన్నె, వెనక డ్రైవరు చేతిలో కొత్త ఫ్లెక్సీ. మా అమ్మ రహస్యంగా పంపించిందట ఫోటో. కింద వరసలో మొదట మా మనవడు, కళ్ళు మూసుకుని, పేరుతో సహా. బారసాల అవకముందే అచ్చయిపోయాడు. నీళ్ళిచ్చిన క్రికెటర్‌కి సరిగ్గా కింద.

పంతులుగారు పళ్ళెంలో బియ్యం పోయించి, ఉంగరం అల్లుడి చేతికిచ్చి, "ఏం పేరు నాయనా?" అన్నారు. అల్లుడు ఉంగరం పట్టుకుని మా అమ్మ వైపు చూశాడు, మా అమ్మాయి వైపు చూశాడు, చివరికి నావైపు చూశాడు. కంప్యూటర్లతో రోజంతా మాట్లాడే మనిషి. మనుషులు ఎదురైతే మాత్రం ఇలా చూస్తాడు.

"రాయి నాయనా, ఏముంది ఆలోచించటానికి?" అన్నాడు అధ్యక్షుడు. "చరిత్రగల పేరు!"

"నీకు చరిత్ర కావాలంటే నువ్వు పెట్టుకో" అన్నాను. "ఆగు, నీకు ఉండనే ఉందిగా. ఇంకొకటి పెట్టుకో, రెండుంటాయి."

"పంచరూ, నీ వేళాకోళం ఇక్కడ కాదు. పెద్దామె మొక్కు."

అది మాత్రం నిజమే. జనమంతా మా అమ్మ వైపు తిరిగారు. మా అమ్మ మొహం నల్లబడింది. ఆమె చూపు ఉయ్యాల మీదే ఉంది. ఆమె వింటున్నది మమ్మల్ని కాదనిపించింది, నాకంటే ముందు పుట్టి పోయినవాణ్ణి.

మాట ఇచ్చాను కాబట్టి నిలబడ్డాను. "అమ్మా" అన్నాను, "ఈ పిల్ల మాట చెల్లాలి. నాకు నువ్వు పెట్టిన పేరు నేను మోశాను. వీడికి వద్దు." నా జీవితంలో నవ్వు కలపకుండా మాట్లాడిన మాటలు చాలా తక్కువ. జనం ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశారు. ఏమీ రాలేదు.

అప్పుడు మా అమ్మాయి బిడ్డను ఎత్తుకొచ్చి మా అమ్మ ఒళ్ళో పెట్టింది.

"నాయనమ్మా, మొక్కుకున్నది నువ్వు దేవుడితో కదా. నువ్వే వీడి చెవిలో ఆ పేరు చెప్పు. మెల్లగా. దేవుడికి వినబడితే చాలు, ఊరికి వినబడక్కర్లేదు. పళ్ళెంలో మాత్రం నేను చెప్పింది రాయనీ."

"ఆయనకి వినబడుద్దంటావా?"

"ఇంతమంది అదే పేరుతో అరుస్తుంటేనే ఆయన వింటున్నాడు. నువ్వొక్కదానివి చెవిలో చెబితే వినడా?"

మా అమ్మ బిడ్డను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. తర్వాత పైట చెంగు తన తలమీదా వాడి తలమీదా కలిపి కప్పుకుని, లోపల ఏదో చెప్పింది. ఒకసారి కాదు. బయటికి వచ్చేసరికి కళ్ళు తుడుచుకుంటోంది. "కానీయండి" అంది.

అల్లుడు బియ్యంలో కొత్త పేరు రాశాడు. ఆ పేరు కూడా ఇక్కడ రాయను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇటు మా వాళ్ళల్లో గానీ, అటు పొదిలి వైపు గానీ ఎవరికీ లేని పేరు. వియ్యంకుడు దాన్ని నోట్లో రెండుసార్లు తిప్పుకుని, తిరిగింది అన్నట్టు తలూపాడు. మా అమ్మ ఒక్కటే అడిగింది. "ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవడు పలుకుతాడే?"

"వీడొక్కడే పలుకుతాడు నాయనమ్మా."

అధ్యక్షుడు వెండి గిన్నె ఇవ్వాలా, వెనక్కి తీసుకెళ్ళాలా అని పాపం చాలా నలిగాడు. సంఘం నియమాల ప్రకారం ఆ గిన్నె ఆ పేరుకే. చివరికి భోజనం చేశాక గిన్నె కారులోకి వెళ్ళింది. ఫ్లెక్సీ మాత్రం గేటు దగ్గర వదిలేశాడు. ఇంకెక్కడా కట్టుకోలేడు కదా, పిల్లవాడి బొమ్మ కింద తప్పు పేరుంది. మర్నాడు మబ్బు పట్టింది. నాకున్న అరెకరం చేను కాయలు కళ్ళంలో ఆరబోసి ఉన్నాయి. రాజుని, కవిని, సమరయోధుణ్ణి, అందర్నీ బోర్లా తిప్పి మిరపకాయల మీద కప్పాను. వాన నిజంగానే వచ్చింది. ఒక్క కాయ కూడా తడవలేదు. వాళ్ళ చరిత్ర మొత్తంలో వాళ్ళు నాకు చేసిన మేలు ఇదొక్కటే, ఒప్పుకోవాలి.

మా అమ్మాయి బిడ్డతో మంగళగిరి వెళ్ళిపోయింది. నెలలు గడిచాయి. పిల్లవాడు బాగున్నాడు, ఎత్తుకుంటే మీసం లాగుతున్నాడు. మా అమ్మ రోజూ ఫోనులో వాడికి జ్వరమేమన్నా ఉందా అని అడుగుతుంది, లేదంటే కొండ వైపు తిరిగి దణ్ణం పెడుతుంది.

శ్రావణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో మనవడు పుట్టాడు. భోజనానికి పిలిస్తే వెళ్ళాను. ఏం పేరు పెట్టారని అడిగాను. ట్రాన్స్‌ఫార్మర్ మీసం దువ్వుకుని చెప్పాడు. నా చేతిలో ముద్ద విస్తట్లో పడింది.

"అది మా మనవడి పేరు రా!"

"అవును. మీ అమ్మాయి భలే పేరు పట్టిందిరా. యాడా లేని పేరు. మా కోడలికి తెగ నచ్చింది."

"యాడా లేదని నచ్చితే, ఇప్పుడు రెండు చోట్ల అయింది కదరా వెధవా?"

"అయితే ఏంది? నువ్వేమన్నా రిజిస్ట్రేషన్ చేయించావా?" అన్నాడు, నాకు పెరుగు వడ్డిస్తూ. "చదువుకున్న పిల్ల పెట్టిన పేరు. మావాడూ ఆఫీసులో కూర్చోవాలిగా."

ఈ జనంతో ఎలా వేగాలి? లోకంలో ఇన్ని పేర్లున్నాయి. ఒక పిల్ల ఇంత పోరాడి, ఎవరికీ లేనిది ఒకటి ఏరి తెచ్చుకుంటే, వీళ్ళు మేకల్లా ఆ ఒక్క కొమ్మ మీదికే ఎగబడతారు. పక్కనే తోటంతా ఉన్నా సరే.

సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేశాను. చెప్పకుండా ఉందామనుకున్నాను గానీ ట్రాన్స్‌ఫార్మర్ ఇంటివాళ్ళు ఫోటో అందరికీ పంపేశారని తెలిసింది. చెప్పాను. ఫోనులో టకటకా చప్పుడు. వెనక పిల్లవాడు దేన్నో నేలకేసి కొడుతున్నాడు.

"పోయి గట్టిగా అడగనా?" అన్నాను.

"వద్దులే నాన్నా" అంది. "ఇద్దరే కదా. ఇద్దరైతే ఎవరో కనుక్కోవచ్చు."

సరేనన్నాను. బడి పక్క వీధిలో ఇంకో కోడలికి నెలలు నిండుతున్నాయనీ, వాళ్ళత్త నిన్న కొట్టు దగ్గరికి వచ్చి మా మనవడి పేరు ఒత్తులు ఎక్కడెక్కడ వస్తాయో రాసివ్వమని అడిగిందనీ మా అమ్మాయికి చెప్పలేదు.